మునక రుషికొండలో, మకాం భీమిలిలో

హోలీ దగ్గర పడుతోందంటే మా జగదల్‌పూర్‌లో నన్ను ఒకే మాట అడుగుతుంటారు. సంజయ్ మార్కెట్లో కూరలు బేరమాడుతుంటే, బాలాజీ గుడిలో ప్రదక్షిణ చేస్తుంటే, నేను పాఠాలు చెప్పి రిటైరైన బడి గేటు ముందు నిలబడితే కూడా అదే మాట. "దీదీ, పిల్లల పరీక్షలు అయిపోతున్నాయి. ఒకసారి సముద్రం చూపిద్దామనుకుంటున్నాం. అలలు మరీ పెద్దవి ఉండకూడదు. చిన్నది నీళ్లంటే వదలదు. ఎక్కడికి వెళ్లమంటారు?" నా పుట్టిల్లు విజయనగరం వైపు. పెళ్లయ్యాక బచేలీ గనుల కాలనీకి వచ్చాను, అక్కడి నుంచి జగదల్‌పూర్‌కి. తెలుగుదాన్ని కాబట్టి సముద్రం సంగతి నాకు తెలిసే ఉంటుందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నాకు బాధ్యతగా తోస్తుంది. సరదాకి అడిగినట్టున్నా ఆ ప్రశ్న ప్రాణాలకు సంబంధించింది.

నేను చెప్పే జవాబు ఇది. బస్తర్ కుటుంబం వసంతంలో సముద్రానికి వెళ్లాలంటే విశాఖకే వెళ్లాలి. గోవా దాకా పోనక్కర్లేదు. అయితే విశాఖలో అందరూ వెళ్లే ఆర్కే బీచ్‌లో గానీ, ఫొటోల్లో అందంగా కనిపించే యారాడలో గానీ నీళ్లలోకి దిగకూడదు. మకాం భీమిలిలో పెట్టుకోవాలి, స్నానం రుషికొండలో గీత గీసిన మేరలో చేయాలి. ఇంతవరకూ వెళ్లేవాళ్ల పని. విశాఖ తీరాన్ని చూసుకునేవాళ్ల పని కూడా కొంత ఉంది. అది ఇంతవరకూ సరిగ్గా జరగలేదు కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

విశాఖే ఎందుకు? బస్తర్‌కు సముద్రం లేదు గానీ బస్తర్‌లో ఉన్నదంతా సముద్రం వైపే పోతుంది. మా బైలాడిలా కొండల ఇనుప ఖనిజం 1960ల నుంచి కిరండూల్–కొత్తవలస రైలు మార్గం మీద విశాఖ రేవుకు పోతోంది. జపాన్‌కు ఖనిజం పంపడం కోసం వేసిన దారి అది. రైలు చాలక, ఖనిజాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి విశాఖ దాకా పంపే 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం కూడా వేశారు. చిత్రకోట దగ్గర దూకే ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. కోంటా పక్క నుంచి పోయే శబరి కూనవరం దగ్గర అదే గోదావరిలో కలుస్తుంది. అలా మా కొండా, మా నీళ్లూ సముద్రానికి చేరుతున్నా, మా బడిపిల్లల్లో చాలామందికి సముద్రం పుస్తకంలో నీలిరంగు బొమ్మే. చూడాలన్న కోరిక వాళ్లకు చాలా గట్టిది. జలపాతం పక్కన పెట్టుకుని సముద్రానికి పరుగెందుకని కొందరు అంటారు. చిత్రకోట, తీరథ్‌గఢ్, కాంగేర్ లోయలో ధుడ్‌మారాస్ వెదురు తెప్పలు, అన్నీ గొప్పవే. నా ఇంటికి వచ్చిన చుట్టాలను నేనే తీసుకెళ్లి చూపిస్తాను. కానీ అవతలి ఒడ్డు కనిపించని నీళ్ల ముందు నిలబడటం వేరే అనుభవం. పదేళ్ల పిల్లకు అది ఒక్కసారైనా దక్కాలి.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. యూరప్‌లో చలి వదలక ముందే వెచ్చదనం కోసం జనం మధ్యధరా తీరానికి పోతారు. ఏప్రిల్‌లో అక్కడ గాలి వెచ్చబడినా నీళ్లు మాత్రం ఇంకా పదిహేను, పదహారు డిగ్రీల దగ్గరే ఉంటాయి. మనకు ఆ ఇబ్బంది లేదు. మార్చిలో బంగాళాఖాతం నీళ్లు సుమారు 27, 28 డిగ్రీలుంటాయి. తెల్లవారుజామున దిగినా పిల్లలు వణకరు. ఇంకో విశేషం ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో విశాఖ ఒడ్డున గాలి తీరం వెంబడి ఉత్తరం వైపు వీస్తుంది. అది పైనీటిని లోపలికి నెడితే, అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లా ఫాండ్ తన విద్యార్థులతో కలిసి దీన్ని పరిశీలించాడు. అందుకే ఒడ్డున ఎండ కాస్తున్నా నీళ్లలో హాయిగా ఉంటుంది. మనకు వెతుక్కోవలసిన అవసరం లేనిది వెచ్చదనం. వెతుక్కోవలసింది నెమ్మదైన నీళ్లు.

ఆ నెమ్మది సంవత్సరం పొడుగునా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు సముద్రం లేచి ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఏం చేసిందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో ఉక్కపోతకు పిల్లలు సొమ్మసిల్లుతారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ నడిమి దాకా ఉన్నది ఏడాదిలో కాస్త తెరిపి. పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు పరీక్షలయ్యాక మార్చి చివరి వారం కుదురుతుంది. పల్లెల్లో అలా కాదు. ఇప్పపూలు రాలడం మొదలైతే ఇల్లిల్లూ చీకటితోనే బుట్టలు పట్టుకుని అడవిలో ఉంటుంది. ఆ నెల రోజుల రాబడి వదులుకుని ఎవరూ ఎక్కడికీ వెళ్లరు, వెళ్లకూడదు కూడా. వాళ్లు శివరాత్రి అటూ ఇటూ, పూలు రాలకముందే వెళ్లి రావడం మేలు. చేపల మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఇంకో లెక్క. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం. ఆ లోపు వెళ్తే భీమిలి ఒడ్డున తాజా చేప దొరుకుతుంది.

హోలీ మర్నాడే వెళ్తామంటారు చాలామంది. హోలీ అంటే పౌర్ణమి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకీ ఆటుకీ మధ్య తేడా ఎక్కువ. విశాఖలో అది ఒకటిన్నర మీటరు దరిదాపుల్లో ఉంటుంది. పొద్దున మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికి పిల్లవాడి మెడ దాటవచ్చు. సెలవు కుదిరితే పౌర్ణమి గానీ, శివరాత్రి వెంట వచ్చే అమావాస్య గానీ దాటాక నాలుగైదు రోజులు ఆగి వెళ్లమంటాను.

ఇక్కడ నేను కాస్త నిలబడి చెప్పవలసిన సంగతి ఉంది. మా బస్తర్‌వాళ్లకు నీళ్లు తెలియవని కాదు. ఇంద్రావతి, శబరి ఒడ్డు పల్లెల్లో డోంగా పడవ నడపని మగపిల్లవాడు, చేప పట్టని ఆడపిల్ల అరుదు. నది వాళ్లకు నేర్పింది ఒకటుంది. నురుగు కక్కుతూ చప్పుడు చేసే చోట రాళ్లుంటాయి, అటు పోవద్దు. చప్పుడు లేకుండా సాగే చోటే రేవు. తరతరాలుగా ప్రాణం కాపాడిన జ్ఞానం ఇది. సముద్రం దగ్గర ఇదే జ్ఞానం ప్రాణం తీస్తుంది.

ఎలాగంటే, అలలు ఒడ్డు మీదికి తోసిన నీళ్లు తిరిగి లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి ఆ నీళ్లన్నీ ఒక్క ధారగా వెనక్కి పోతాయి. రిప్ కరెంట్ అంటారు దీన్ని. ఆ సందులో అలలు విరగవు, నురుగు ఉండదు, నీటి రంగు పక్కవాటి కన్నా కాస్త ముదురుగా ఉంటుంది. నది ఎరిగిన మనిషి కంటికి అదే మంచి రేవులా కనిపిస్తుంది. అటు ఇటు అలలు కొడుతుంటే, మధ్యలో నెమ్మదిగా ఉన్న ఆ చోటునే ఎంచుకుని పిల్లల చెయ్యి పట్టుకుని దిగుతాడు. ఆ ధార వేగం కొన్నిసార్లు సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. ఎదురీదబోయి అలిసిపోయినవాళ్లే మునిగిపోతారు. చిక్కుకుంటే కంగారు పడకుండా వెల్లకిలా తేలాలి, చెయ్యి ఊపాలి, ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. కొంత దూరం పోయాక ధార పట్టు వదిలేస్తుంది. అప్పుడు అలలు విరిగే చోటు నుంచి ఒడ్డుకు రావచ్చు. విశాఖ వెళ్తామని నా దగ్గరికి వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇది నేల మీద సుద్దతో గీసి చూపిస్తాను. పిల్లలు వెంటనే పట్టేస్తారు. పెద్దలకే రెండోసారి చెప్పాలి.

ఇంకొక మాట. గాలి లేని రోజున కూడా పెద్ద అలలు రావచ్చు. ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రం అవతలి కొసన లేచిన తుపాను అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డుకు వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, కెరటం మాత్రం మనిషిని పడగొడుతుంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2004 సునామీ తర్వాత సునామీ హెచ్చరికలు ఇస్తున్నది అదే. అలల ఎత్తు ఎంత ఉండబోతోందో తీరాల వారీగా రోజూ అంచనా వేసి చెబుతుంది. రైలు టికెట్ చూసుకున్నట్టే బయల్దేరేముందు ఆ సూచన కూడా ఫోన్‌లో చూసుకోవాలి.

ఇప్పుడు తీరాల సంగతి. పూరీతో మొదలుపెడతాను, ఎందుకంటే బస్తర్ పెద్దలు సముద్రం అనగానే తలుచుకునేది పూరీనే. బస్తర్ రాజు పురుషోత్తమ దేవ్ జగన్నాథుణ్ణి దర్శించుకుని రథపతి బిరుదు తెచ్చుకున్నాడని, జగదల్‌పూర్‌లో ఏటా జరిగే గోంచా రథోత్సవం అప్పటి నుంచే వచ్చిందని ఇక్కడ అందరూ చెబుతారు. వెదురు తుప్కీలు పేలుస్తూ రథం లాగే ఆ పండుగ చూస్తే పూరీతో ఈ నేలకున్న బంధం తెలుస్తుంది. పూరీ సముద్రం మాత్రం నెమ్మదైనది కాదు. అలలు ఒడ్డుకు దగ్గరగా, ఒక్కసారిగా విరుగుతాయి. అయినా అక్కడ నాకు బాగా నచ్చినది ఒకటుంది. నోలియాలు. తెల్లటి కొసటోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలలు దాటించి స్నానం చేయించి తీసుకొచ్చే జాలరులు. పూరీ పెంటకోటలో స్థిరపడిన ఈ జాలరులు మన తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస పోయిన కుటుంబాల వాళ్లు. ముసలమ్మ ఒకామె నోలియా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని మూడు మునకలు వేయడం నా కళ్లారా చూశాను. ఆ చెయ్యి ఉన్నంతసేపూ ఆమె ముఖంలో భయం లేదు. తెలుగు జాలరి పూరీలో చేస్తున్న ఈ పని విశాఖలో ఎందుకు లేదన్నది నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

గోపాల్‌పూర్ అందమైనదే, జనం తక్కువ. కానీ అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది, రెండు అడుగుల్లో కాలు ఆనదు. పిల్లలతో వద్దు. గోవా సముద్రం ఈ నెలల్లో నిజంగానే నెమ్మదిగా ఉంటుంది, ఒడ్డున కాపలా కూడా బాగుంటుంది. జగదల్‌పూర్ నుంచి 2020లో మొదలైన విమానం హైదరాబాద్ దాకా పోతుంది, అక్కడి నుంచి గోవా తేలికే. కానీ ఒక అంగన్‌వాడీ టీచర్, ఒక ఫారెస్టు గార్డు భరించగలిగిన ఖర్చు కాదది. అండమాన్ రాధానగర్ గురించీ అంతే. బాపట్ల దగ్గర సూర్యలంక లోతు తక్కువైనా మాకు దూరం, పైగా అక్కడా ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. అందుకే విశాఖ.

విశాఖలో ఆర్కే బీచ్ చూడవలసినదే. 2002లో ఒడ్డుకు తెచ్చి మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి దూరినప్పుడు మా ఎదురింటి భాభీ కొడుకు ఊపిరి బిగబట్టి నడిచాడు. సాయంత్రం అక్కడ కూర్చుని మొక్కజొన్న పొత్తు తినండి, గాలి పీల్చండి. నీళ్లలోకి మాత్రం పాదాలు తడిసేదాకానే. దానికి కారణం ఉంది. ఈ తీరం వెంబడి ఇసుక ఏటా మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రేవు కోసం కట్టిన అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపేస్తాయి. ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక రాదు. తీరం కోసుకుపోతుంటే రేవులో తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పోస్తుంటారు. అలా కొట్టుకుపోతూ, పోస్తూ ఉండే ఒడ్డున అడుగు నేల ఒక్క తీరుగా ఉండదు. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ గుంట ఉంటుంది. రిప్ కరెంట్లు పుట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. ఏడాదిలో ఎన్నిసార్లు ఆ పేరు పేపర్లో విషాద వార్తగా వస్తుందో ఈ పత్రిక చదివేవాళ్లకు తెలుసు. చనిపోయినవాళ్లలో బయటి ఊళ్ల కుర్రాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

యారాడ కొండ దిగుతుంటే కనిపించే దృశ్యం నిజంగా కళ్లు చెదరగొడుతుంది. అయితే ఒడ్డు తొందరగా లోతవుతుంది, ఆపదలో కేక వేస్తే వినే మనిషి దూరం. కొండ మీద నుంచి చూసి రండి. తెన్నేటి పార్కు, మంగమారిపేట దగ్గర రాళ్లున్నాయి. మంగమారిపేటలో సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఆటు సమయంలో చూడటానికి బాగుంటుంది, స్నానానికి కాదు.

రుషికొండకు 2020లో, శుభ్రమైన, భద్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దేశంలో తొలి విడతగా ఎంపికైన ఎనిమిది తీరాల్లో అదొకటి. నిర్వహణ లోపాల వల్ల 2025లో కొన్ని రోజులు ఆ గుర్తింపు పోయి, మళ్లీ వచ్చింది. జెండా సంగతి అలా ఉంచినా, ఆ గుర్తింపు కోసం పెట్టిన ఏర్పాట్లు మాకు పనికొస్తాయి. ఈత కొట్టడానికి గీత గీసిన మేర ఉంటుంది. కాపలా మంచె మీద లైఫ్‌గార్డు ఉంటాడు. నీటిని పరీక్షిస్తారు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు, మంచినీళ్లతో ఒళ్లు కడుక్కోవడానికి షవర్లు ఉంటాయి. ఈ చివరిది చిన్న విషయం అనుకోవద్దు. మా ఊళ్ల ఆడవాళ్లు తడిచీరతో పది మందిలో నిలబడలేక ఒడ్డునే కూర్చుండిపోవడం ఎన్నోసార్లు చూశాను. సముద్రం దాకా వచ్చి, పిల్లల చెప్పులు కాపలా కాసి వెనక్కి వెళ్లడం ఏ తల్లికీ న్యాయం కాదు. గది ఉంటే ఆమె కూడా దిగుతుంది. దిగేటప్పుడు మాత్రం చీరతో వద్దు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని అల తగిలితే లేవనివ్వదు. పలచటి నూలు సల్వార్ మేలు.

భీమిలి విశాఖకు ఉత్తరాన, సముద్రం ఒడ్డునే పోయే రోడ్డు మీద ఉంటుంది. సిటీ బస్సు పోతుంది, దారిలోనే రుషికొండ. నాకు ఈ ఊరంటే అభిమానం. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి దిగిన రేవు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. లైట్‌హౌస్, పాత బంగళాలు, ఒడ్డున ఆరేసిన వలలు, వల బాగుచేసుకుంటూ పలకరించే జాలరులు. రాత్రి తొమ్మిదయితే అలల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఊరి వెనక పావురాళ్ల కొండ ఎక్కితే బౌద్ధుల కాలం నాటి రాతి తొట్లు, కింద నది, సముద్రం కలిసే చోటు రెండూ కనిపిస్తాయి. ఆ నది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా పిల్లలకు ఇది చాలా ఇష్టమైన సంగతి. రైల్లో బొర్రా దగ్గర చూసిన నీటిని మర్నాడు సముద్రం ఒడ్డున మళ్లీ కలుసుకుంటారు. భూగోళం పాఠం ఇంత చక్కగా ఏ తరగతి గదిలోనూ నేను చెప్పలేకపోయాను.

ఆ సంగమం దగ్గర మాత్రం నీళ్లలో దిగవద్దు. నది తోపు, ఆటుపోటు కలిసి అడుగున ఇసుకను మారుస్తూనే ఉంటాయి. భీమిలిలో నడవండి, కూర్చోండి, తెల్లారగట్ల పడవలు రావడం చూడండి. జనవరి నుంచి ఈ తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీ శాఖవాళ్లు ఆ గుడ్లను సేకరించి కంచె వేసి పొదిగించి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. మార్చి, ఏప్రిల్‌లో ఆ వదిలే వేళకు అక్కడ ఉండగలిగితే అదృష్టమే. తాబేలు పిల్లను చేత్తో పట్టుకోవద్దని, ఫోన్ లైటు వేయవద్దని ముందే పిల్లలకు చెప్పండి. వెలుగు ఎటుంటే అటు పోతాయి అవి.

ప్రయాణం గురించి కొంచెం. కిరండూల్ నుంచి విశాఖకు పగటి పాసింజరు ఉంది, రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు పగటి బండే ఎక్కాలి. జగదల్‌పూర్‌లో ఉదయం ఎక్కితే జయపూర్, కోరాపుట్, అరకు మీదుగా రాత్రికి విశాఖ చేరుస్తుంది. కొండలు దిగే చోట యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ పిల్లల కేకలు, అవతలికి రాగానే లోయ. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది. వసంతంలో ఈ దారికి ఇంకో మంచి గుణం ఉంది. కొండచరియలు విరిగిపడే భయం తక్కువ. 2023 సెప్టెంబరులో మనబార్, జరటి మధ్య చరియ పడి బండ్లు రోజుల తరబడి ఆగిపోయాయి. వానలు వెలిసిన ఈ నెలల్లో అలాంటిది అరుదు. కిరండూల్, బచేలీ వాళ్లు మాత్రం బండి దంతెవాడ నుంచా, కిరండూల్ నుంచా అని ముందు రోజు కనుక్కోవాలి. భద్రత కారణాలతో కుదించిన రోజులు ఉన్నాయి.

ఇప్పుడు విశాఖ వైపు బాధ్యత. ఆ తీరంలో నేను చూసిన హెచ్చరిక బోర్డులు తెలుగులో, ఇంగ్లీషులో ఉన్నాయి. కిరండూల్ బండి దిగే మనిషి చదివేది హిందీ. కోరాపుట్, జయపూర్ నుంచి వచ్చేవాళ్లు చదివేది ఒడియా. మా ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో కొందరు ఏ అక్షరమూ చదవలేరు, హల్బీలోనో గోండీలోనో చెబితే వింటారు. నీళ్లు లాగేస్తాయని వాళ్లకు అర్థమయ్యే మాటలో ఎవరూ చెప్పకపోతే ఆ బోర్డు ఉన్నా లేనట్టే. ఖనిజం రైళ్ల రాకపోకలకు కంట్రోల్ రూములు పెట్టుకున్న ఊరు అదే దారిలో వచ్చే మనుషుల కోసం నాలుగు బోర్డులు రాయించలేదా?

రుషికొండ, ఆర్కే బీచ్, భీమిలి, యారాడలో హిందీలో, ఒడియాలో బోర్డులు పెట్టాలి. బోర్డు మీద మాటల కన్నా బొమ్మ పెద్దదిగా ఉండాలి. అలలు విరగని ముదురు రంగు సందు, దాని మీద అడ్డగీత, పక్కకు ఈదే మనిషి. చదవడం రానివాడికి కూడా అది చాలు. విశాఖ స్టేషన్‌లో మా బండి ఆగే ప్లాట్‌ఫారం మీద ఆ బొమ్మే ఒకటి ఉండాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మైకులో హల్బీ, గోండీ, ఒడియా, హిందీల్లో నిమిషం పాటు వినిపించే మాటను రికార్డు చేయడం ఖర్చుతో కూడిన పని కాదు. జగదల్‌పూర్ ఆకాశవాణిలో ఆ భాషలు మాట్లాడేవాళ్లు ఉన్నారు. కావాలంటే మా బడిపిల్లలే చెప్పి ఇస్తారు.

దానికన్నా నాకు ఎక్కువ కావలసింది నోలియా పద్ధతి. పూరీలో మన తెలుగు జాలరి చేస్తున్నదాన్నే విశాఖలో, వాళ్ల సొంత గడ్డ మీద, జీతమిచ్చి చేయించాలి. మంచె మీద కూర్చుని ఈల ఊదే లైఫ్‌గార్డు అవసరమే. కానీ సముద్రం మొదటిసారి చూస్తున్న మనిషికి ఈల అర్థం కాదు, చెయ్యి అర్థమవుతుంది. ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలల వేట నిషేధంలో జాలరి ఇళ్లలో రాబడి ఉండదు. అంతకు ముందు వసంతకాలం రద్దీలోనూ, నిషేధం నడిచే వేసవి సెలవుల్లోనూ ఈ పనికి శిక్షణ ఇచ్చి పెట్టుకుంటే వాళ్లకూ గౌరవమైన కూలి దొరుకుతుంది. ఏ సందులో నీళ్లు లాగుతున్నాయో వాళ్లంత బాగా చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. పెదజాలరిపేట, మంగమారిపేట, భీమిలి ఒడ్డు కుర్రాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య అది.

మా వైపు బడులు చేయవలసినది కూడా ఉంది. నదుల ఒడ్డున పెరిగిన పిల్లలకు సముద్రం నది లాంటిది కాదని ఒక్క పీరియడ్‌లో చెప్పవచ్చు. విహారయాత్రకు తీసుకెళ్లే టీచర్లు బస్సు ఎక్కించే ముందే చెప్పాలి, ఒడ్డున దిగాక కాదు. అప్పటికి ఒక్క పిల్లవాడూ వినే స్థితిలో ఉండడు.

చివరిగా విశాఖలో, భీమిలిలో ఈ వ్యాసం చదువుతున్నవాళ్లకు నా మనవి. ఈ మార్చిలో మీ ఒడ్డున హిందీ, ఒడియా, మీకు తెలియని ఇంకో మాట వినిపిస్తే, వాళ్లు మా బస్తర్ నుంచి వచ్చిన కుటుంబం కావచ్చు. వాళ్లు నురుగు లేని చోటు చూసుకుని అటు నడుస్తుంటే ఆపండి. భాష రాకపోయినా ఫరవాలేదు, చెయ్యి పట్టుకుని అలలు విరిగే వైపు, లైఫ్‌గార్డు ఉన్న వైపు తీసుకెళ్లండి.